ఇల్లాలు, ఇంటి గ్రాంటు

పెళ్ళి ఈడు దాటిన ఆడపిల్ల తల్లిదండ్రుల గుండెల మీద కుంపటి అని మన పెద్దలు అనేవారు. చీనా దేశంలో ఇటీవల వాడుకకు వచ్చిన మాట ఇంతకంటె కటువుగా ఉన్నది. 27 ఏళ్ళు దాటి పెళ్ళి కాకుండా ఉన్న, చదువుకున్న అమ్మాయిని అక్కడ ‘షెంగ్ న్యూ’ అంటారు. అందరూ తినగా గిన్నెలో మిగిలిపోయిన పదార్థానికి ఏ మాట వాడతారో ఆ మాటే ఇది. వీధిలో పోకిరీలు మాత్రమే అనే మాట అయితే చెవిని పెట్టనక్కరలేదు. కాని 2007లో చీనా విద్యాశాఖ ఈ పదాన్ని అధికార పదాల పట్టికలో చేర్చింది. స్త్రీల మేలు చూడడానికని 1949లో ఏర్పడిన అఖిల చీనా మహిళా సమాఖ్య తన వ్యాసాల ద్వారా దీనికి ప్రచారం కల్పించింది.

ఈ విషయం మీద ‘లెఫ్టోవర్ విమెన్’ అనే ఒకే పేరుతో రెండు కృతులు వచ్చినవి. మొదటిది లేటా హాంగ్ ఫించర్ అనే అమెరికన్ రచయిత్రి 2014లో ప్రచురించిన పుస్తకం. ఆమె బీజింగులోని ఛింగ్‌హువా విశ్వవిద్యాలయంలో సమాజ శాస్త్రంలో డాక్టరేటు పొందినవారు. రెండవది షోష్ ష్లామ్, హిల్లా మెడాలియా అనే ఇద్దరు ఇస్రాయేలు స్త్రీలు 2019లో తీసిన డాక్యుమెంటరీ చిత్రం. చిత్రం పుస్తకానికి అనుసరణ కాదు. చీనావాళ్ళ ఇంటి గొడవ మనకెందుకు అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. చివరి వరకు చదివితే అది మన ఇంటి గొడవ కూడా అని ఒప్పుకుంటారని నా నమ్మకం.

ముందు చిత్రం సంగతి చూద్దాం. ఇందులో ముగ్గురు స్త్రీలున్నారు. ఒకరు బీజింగులో న్యాయవాది, ఒకరు రేడియోలో పనిచేసే అమ్మాయి, మరొకరు కాలేజీలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయిని. న్యాయవాది వయస్సు 34. ఆమె పెళ్ళిసంబంధాలు చూసే కంపెనీకి వెళితే, అక్కడి పెద్దమ్మ ఆమె రూపానికీ వయస్సుకీ మొహం మీదనే తక్కువ మార్కులు వేస్తుంది. షాండాంగ్‌లోని తన పల్లెకు వెళితే కన్నవారూ తోబుట్టువులూ చుట్టూ కూర్చొని నిలదీస్తారు. ఇంత చదివినందుకు అభినందించిన ఇంటివారే, ఆ చదువునే తప్పుగా ఎంచుతారు. రేడియో అమ్మాయికి తల్లి పెళ్ళి చేసుకోమని ఒక చేత్తో తోస్తుంది, వచ్చిన సంబంధాన్ని మరొక చేత్తో వెనక్కు పంపుతుంది. ఉపాధ్యాయిని తనకంటె చిన్నవాడిని పెళ్ళాడి, అందుకు వచ్చే మాటలను కూడా భరిస్తుంది.

ఈ చిత్రంలో నాకు బాగా నచ్చినది తల్లిదండ్రులను రాక్షసులుగా చూపకపోవడం. ఊరివారి ముందు తలెత్తుకోలేకపోతున్నామన్న బాధ వారిది. మేము పోయిన తరువాత నీకు దిక్కెవరు అన్న భయం కూడా వారిదే. ప్రేమ ఉన్నచోటనే ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. పరాయివారు తిడితే తలుపు వేసుకోవచ్చు, కన్నతల్లి కంటతడి పెడితే ఎక్కడికి పోతుంది? ఈ సంగతిని చిత్రం మాటల్లో చెప్పకుండా ముఖాలలో చూపింది. అది గొప్ప పని.

అయితే లోపం కూడా ఇక్కడే ఉన్నది. చిత్రం చూసి లేచినవారికి ఇది తల్లీకూతుళ్ళ మధ్య కన్నీళ్ళ వ్యవహారంగా గుర్తుండిపోతుంది. ఈ కన్నీళ్ళ వల్ల ఎవరికి లాభం అనే ప్రశ్నను చిత్రం గట్టిగా అడగదు. చివరకు న్యాయవాది చదువు కోసం ఫ్రాన్సు దేశానికి వెళ్ళిపోతుంది. దేశం విడవడమే దారి అన్నట్లు కథ ముగుస్తుంది. ఓడలు ఎక్కి వచ్చినవారి మనవలం, మునిమనవలం మనం. ఊరు దాటినా పెళ్ళి గోల సముద్రం దాటి వెంట వస్తుందని మనకు తెలియనిది కాదు.

ఎవరికి లాభం అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉన్నది. ఆ జవాబు ‘ఇల్లు’. 1998 తరువాత చీనాలో నగరాల ఇళ్ళు ప్రభుత్వ వసతిగా కాక, కొని అమ్ముకునే సొత్తుగా మారినవి. ధరలు చెట్టెక్కి కూర్చున్నవి. జీతం మీద బ్రతికే కుటుంబానికి ఇల్లే అన్నిటికంటె పెద్ద ఆస్తి అయింది. పెళ్ళికి ముందు మగపిల్లవాడికి ఇల్లు ఉండాలని ఆచారం. కాబట్టి తల్లిదండ్రులు కొడుకు కోసం సొమ్ము కూడబెడతారు, కూతురి కోసం అంతగా కూడబెట్టరు. కూతురు తాను దాచుకున్న డబ్బును కాబోయే భర్త ఇంటికి పెడుతుంది. ఇంటికి రంగులు, సామానులు ఆమె సొమ్ముతో వస్తాయి. బ్యాంకు వాయిదాలలో ఆమె జీతం కూడా కలుస్తుంది. ఇంటి పత్రంలో మాత్రం ఆమె పేరు ఉండదు. బీజింగు, షాంఘై, గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ నగరాలలో 2012లో జరిగిన ఒక సర్వేను రచయిత్రి ఉదహరించారు. ఇల్లు కొనడానికి నూటికి 70 మందికి పైగా స్త్రీలు సొమ్ము పెట్టారు. స్త్రీ పేరు ఉన్న పత్రాలు మాత్రం నూటికి 30.

2011 ఆగస్టులో చీనా సుప్రీం కోర్టు వివాహ చట్టానికి కొత్త వివరణ ఇచ్చింది. పెళ్ళికి ముందు ఒకరు మొదటి సొమ్ము కట్టి తమ పేర వ్రాయించుకున్న ఇల్లు, విడాకులైతే సాధారణంగా వారికే చెందుతుంది. వాయిదాలలో కలిసి కట్టిన భాగానికి రెండవవారికి పరిహారం దక్కవచ్చు, ఇల్లు దక్కదు. రంగులకూ సామానులకూ రసీదు దాచుకున్న కొత్త కోడలు ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు ‘మిగిలిపోయిన పిల్ల’ అనే మాట చేసే పని ఏమిటో అర్థమవుతుంది. తొందరలో ఉన్నవాడు సంతలో బేరమాడలేడు. వయస్సు మీరిపోతున్నదని రాత్రింబవళ్ళు వింటున్న అమ్మాయి, పత్రంలో నా పేరు ఎందుకు లేదు అని అడగలేదు. అడిగితే సంబంధం చెడిపోతుందని తల్లే నోరు మూయిస్తుంది. ప్రభుత్వానికి పుట్టుకల లెక్క కావాలి. 2010 జనాభా లెక్కల ప్రకారం చీనాలో ప్రతి 100 మంది ఆడశిశువులకు 118 మంది మగశిశువులు పుట్టారు. మిగిలిపోయినవారు నిజానికి మగవారు, పేరు మాత్రం ఆడదానికి పెట్టారు.

పుస్తకానికీ ఒక కొరత ఉన్నది. దాని బరువంతా నగరాలలోని చదువుకున్న స్త్రీల మీదనే పడింది. పెళ్ళై వేరే ఊరు వెళ్ళినందుకు పుట్టిన ఊరిలో పొలం వాటా పోగొట్టుకునే పల్లెటూరి స్త్రీకి అందులో చోటు తక్కువ. అయినా రెంటిలో ఒకటే ఎన్నుకోమంటే నేను పుస్తకాన్నే ఎన్నుకుంటాను. చిత్రం మనకు గాయాన్ని చూపుతుంది, పుస్తకం కత్తి ఎవరి చేతిలో ఉన్నదో చెబుతుంది.

ఇదంతా దూరపు కథ అనుకునేవారు జొహోరు వంతెన దాటి చూడాలి. 1983 ఆగస్టు 14న సింగపూరు ప్రధాని లీ క్వాన్ యూ జాతీయ దినోత్సవ ప్రసంగంలో పట్టభద్రులైన స్త్రీలు పెళ్ళి చేసుకోవడం లేదని వాపోయారు. 1984లో పట్టభద్రులకు సంబంధాలు కుదిర్చే ప్రభుత్వ శాఖ ఒకటి వెలిసింది. ఎస్.డి.యు. అనే దాని మూడు అక్షరాలకు జనం ‘ఒంటరి, ఆత్రం, అనాకారి’ అని ఎగతాళి అర్థం చెప్పుకున్నారు. పట్టభద్రులైన తల్లుల పిల్లలకు బడిలో ముందు చోటు ఇచ్చారు. అదే సంవత్సరం తక్కువ చదువు, తక్కువ ఆదాయం గల తల్లులు ఇద్దరు పిల్లలతో ఆపి ఆపరేషను చేయించుకుంటే 10,000 డాలర్లు ఇస్తామన్నారు. ఒక స్త్రీని కనమన్నారు, మరొక స్త్రీని మానమన్నారు. ఎస్టేటు బడిలో నాలుగైదు తరగతులతో చదువు ఆపిన మన అమ్మలు, పిన్నులు ఆ లెక్కలో ఏ వరుసలో నిలబడి ఉండేవారో పాఠకులు ఊహించుకోవచ్చు. 1984 డిసెంబరు ఎన్నికలలో పాలక పక్షం ఓట్లు నూటికి 77 నుంచి 64కు దిగినవి. అందుకు ఇది ఒక్కటే కారణం కాదుగాని, బడి పథకాన్ని 1985లో వెనక్కు తీసుకున్నారు. నేటికీ పెళ్ళికానివారు ఒంటరిగా ప్రభుత్వ ఫ్లాటు కొనాలంటే సాధారణంగా 35 ఏళ్ళు నిండాలి. అక్కడ కూడా పెళ్ళికి తాళం చెవి ఇల్లే.

ఒత్తిడి ఫలించిందా అంటే లేదు. చీనాలో 2013లో సుమారు 1 కోటి 34 లక్షల పెళ్ళిళ్ళు నమోదైతే, 2024లో 61 లక్షలే నమోదైనవి.

సర్కారు లెక్కల సంగతి మన జాతికి కొత్త కాదు. నటాలుకు కూలి ఓడలు పంపిన రోజులలో 100 మంది మగవారికి 40 మంది ఆడవారు ఉండాలని నిబంధన. అలా లెక్కపెట్టి ఓడ ఎక్కించిన స్త్రీల పెళ్ళిళ్ళు చెల్లవనే తీర్పు 1913లో దక్షిణాఫ్రికా కోర్టులో వచ్చింది. ఇక్కడ మలయాలో మన అమ్మమ్మలు తెల్లవారకముందే తోటలోకి వెళ్ళి రబ్బరు పాలు తీశారు, కొబ్బరి తోటలలో కాయలు మోశారు. వారు కాపురం చేసిన లైను ఇల్లు కంపెనీది. పని పోతే ఇల్లు పోయేది. ఆ ఇంటి మీద తాతకూ హక్కు లేదు, అమ్మమ్మకూ లేదు. ఆ లేమిలో ఒక సమానత్వం ఉండేది.

తరువాత మనవారు టవునుకు వచ్చి ఇళ్ళు కొన్నారు. గ్రాంటు చేతికి వచ్చింది. ఆ గ్రాంటులో ఎవరి పేరు ఉన్నది? ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్ల, అక్కడి పిల్ల, అని మనవారు చమత్కరిస్తారు. పుట్టింటి గ్రాంటులో ఆమె అక్కడి పిల్ల. అత్తింటి గ్రాంటులో ఆమె పరాయి పిల్ల. ‘ఇల్లాలు’ అనే మన తీయని మాటలో ఇల్లు ఉన్నది. కాని చాలా ఇళ్ళ పత్రాలలో ఇల్లాలు లేదు.

మన దేశంలో 1976లో చేసి 1982 మార్చి 1 నుంచి అమలు చేసిన వివాహ విడాకుల చట్టం భార్యకు కొంత అండ ఇస్తున్నది. ఆస్తి పంచేటప్పుడు ఇల్లు చూసుకున్న శ్రమను కూడా కోర్టు గణిస్తుంది. అయితే కోర్టు మెట్లు కాపురం చెడిన తరువాతనే ఎక్కుతాము. పేరు ముందే వ్రాసి ఉంటే ఆ మెట్లు ఎక్కే అవసరం చాలావరకు తగ్గుతుంది.

పెళ్ళి వద్దని నేను చెప్పడం లేదు. పెళ్ళి చేసుకునే అమ్మాయి తొందర లేకుండా చేసుకోవాలి, చేసుకోని అమ్మాయి తలవంపు లేకుండా బ్రతకాలి. మన సంఘాల మహిళా విభాగాలు ఈ చిత్రాన్ని ఒక సాయంత్రం హాలులో వేయాలి. చిత్రం అయిన తరువాత టీ తాగి వెళ్ళిపోకుండా, ఇంటి గ్రాంటులో పేరు చేర్చడం ఎలాగో తెలిసిన ఒక లాయరు చేత అరగంట మాట్లాడించాలి. పెళ్ళిళ్ళలో, కర్మలలో, ఉగాది సభలలో మన అత్తయ్యలు, పెద్దమ్మలు అమ్మాయిని పట్టుకొని ‘ఇంకా పెళ్ళి కాలేదా?’ అని అడగడం మానరు, ఆ సంగతి నాకు తెలుసు. మానకపోయినా ఫరవాలేదు. దాని పక్కన మరొక ప్రశ్న కూడా అడగడం నేర్చుకుంటే చాలు. పెళ్ళికొడుకు వారిని చూసి అడగవలసిన ప్రశ్న అది: ‘నాయనా, ఇల్లు ఎవరి పేర వ్రాయిస్తున్నారు?’