చిన్న పెట్టెలో గాలికి దారి

గేమింగ్ కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి 400 వాట్లు తీసుకుంటున్నాయనుకుందాం. గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఆ వేడిని బయటికి మోసుకుపోవాలంటే సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి కావాలి. కేబినెట్ పరిమాణమే 10 లీటర్లయితే, లోపలి గాలంతా సెకనుకు మూడుసార్లకు పైగా మారాలన్నమాట. చిన్న పీసీలు కట్టేవారి నైపుణ్యమంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

2001లో తైవాన్ కంపెనీ వయా 17 సెంటీమీటర్ల చదరపు మినీ-ఐటీఎక్స్ మదర్‌బోర్డు కొలతను తెచ్చింది. తక్కువ కరెంటుతో నడిచే చిన్న యంత్రాల కోసం పుట్టిన ఆ కొలతకు గేమర్లు పూర్తి స్థాయి గ్రాఫిక్స్ కార్డును జతచేశారు. పెద్ద కంపెనీల కోసం ఎదురుచూడని అభిమానులు తామే కేబినెట్లు గీసి, క్రౌడ్ ఫండింగ్‌తో తయారు చేయించారు. ఎన్‌కేస్ ఎం1, డాన్ ఏ4 అలా వచ్చినవే.

డాన్ ఏ4 పరిమాణం 7.2 లీటర్లు. అందులో మదర్‌బోర్డు ఒక వైపు, గ్రాఫిక్స్ కార్డు మరో వైపు, వీపులు ఆనించి కూర్చుంటాయి. రెండింటినీ రైజర్ కేబుల్ కలుపుతుంది. శాండ్‌విచ్ అమరిక అనే ఈ పద్ధతిలో రెండు భాగాలకూ చెరొక జాలీ గోడ దొరుకుతుంది. ఒకటి వదిలిన వేడిని మరొకటి పీల్చాల్సిన పని లేకుండా, రెండూ బయటి చల్లగాలినే నేరుగా తీసుకుంటాయి.

బయటికి పోవలసిన వేడిగాలి తిరిగి ఫ్యాన్‌లోకి రాకూడదన్నదే ఇక్కడ మూలసూత్రం. కూలర్‌కీ జాలీకీ మధ్య ఖాళీ ఉంటే ఫ్యాన్ లోపలి వేడిగాలినే మళ్ళీ లాక్కుంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఆ ఖాళీ చుట్టూ ఫోమ్ పట్టీ అంటించి గొట్టంలా మూసేస్తారు. గాలికి అడ్డు రాకుండా పొడుగు కేబుళ్ళ బదులు కొలిచి చేయించిన పొట్టి కేబుళ్ళు వాడతారు. కార్డు ఎంపికలోనూ ఇదే చూపు ఉండాలి. గాలిని కార్డులోంచి వెనక్కి దూసుకుపోనిచ్చే డిజైన్ పెద్ద టవర్‌లో బాగా పనిచేస్తుంది. శాండ్‌విచ్ కేబినెట్‌లో ఆ గాలి మధ్యగోడకు తగిలి ఆగుతుంది.

ఫ్యాన్ వేగం పెంచడం ఆఖరి ఉపాయం. వేగం రెట్టింపైతే గాలీ రెట్టింపవుతుంది గానీ, ఫ్యాన్ తీసుకునే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడూ బాగా పెరుగుతుంది. అంతకంటే వేడి పుట్టేచోటే తగ్గించడం మేలు. చిప్ పనిచేసేటప్పుడు వాడే కరెంటులో ప్రధాన భాగం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే ఆ భాగం 19 శాతం తగ్గుతుంది. నిలకడగా నడుస్తోందో లేదో పరీక్షిస్తూ కొద్దికొద్దిగా తగ్గిస్తే ఆటలో తేడా తెలియకుండానే పెట్టె చల్లబడుతుంది. మానిటర్ చూపగలిగినన్ని ఫ్రేములకే ఆటను పరిమితం చేయడం కూడా ఇలాంటిదే.

ఏ ఫ్యాన్ అయినా భాగాలను గది వేడికంటే చల్లగా ఉంచలేదు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గది 10 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా సుమారు అంతే వేడెక్కుతుంది. కాబట్టి జనవరిలో సరిపోయిన అమరికను వేసవిలో మళ్ళీ పరీక్షించాలి. పక్క పలక తీసి అదే ఆట ఆడండి. వేడి ఒక్కసారిగా పడిపోతే గాలి దారి మూసుకుపోయిందని అర్థం. జాలీకి పట్టిన దుమ్మును ముందుగా చూడండి.

పెద్ద కేబినెట్‌లో చోటే మన పొరపాట్లను కాస్తుంది. చిన్నదానిలో ప్రతి వాటుకూ లెక్క చెప్పాలి. ఈ క్రమశిక్షణే ఈ విద్యకున్న విలువ. ఏదీ కొనకముందే కాగితం మీద పెట్టె గీసి, గాలి ఎటునుంచి వస్తుందో, దేన్ని తాకుతుందో, ఎటు పోతుందో బాణాలతో గుర్తించండి. ఒక బాణం వెళ్ళి మరో బాణానికి ఎదురు నిలిస్తే ఆ అమరిక మార్చాలి. ఖరీదైన ఫ్యాన్ గురించి ఆ తర్వాతే ఆలోచించాలి.