ముందు ప్లగ్గు పీకండి

అటక మీంచి తాతగారి మర్ఫీ రేడియో దించగానే, ఒక్కసారి ప్లగ్గు పెట్టి పాడుతుందేమో చూద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. వాల్వు రేడియో బాగుచేయడం నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే.

ఆ వాల్వులకు 200 నుంచి 250 వోల్టుల దాకా డీసీ కావాలి. దాన్ని నింపుకునే ఫిల్టర్ కండెన్సర్లలో ప్లగ్గు పీకాక కూడా చార్జి మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవరు ఆనించి టప్పుమనిపించే అలవాటు కొందరికుంది. నాకది నచ్చదు. క్లిప్పులతో ఒక రెసిస్టరు తగిలించి చార్జి దించాలి. మల్టీమీటరు సున్నా చూపించాకే లోపల చెయ్యి పెట్టాలి.

ఏసీ-డీసీ సెట్ల దగ్గర భయం ఇంకా ఎక్కువ ఉండాలి. కొన్ని ఊళ్లకు డీసీ కరెంటు వచ్చే రోజుల్లో, రెండింటికీ పనికొచ్చేలా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా చేసినవి అవి. యూసీహెచ్81, యూఎల్84 లాంటి వాల్వులు కనిపిస్తే అలాంటి సెట్టేనని అనుమానించండి. వాటిలో మెయిన్స్ తీగ ఒకటి షాసీకే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగబడితే షాసీ అంతా ఫేజే, నాబు ఊడితే బయటపడే ఇనప కడ్డీతో సహా. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు. అది ఉన్నా జాగ్రత్త తగ్గకూడదు, దాని అవతల షాక్ కొడితే ఇంట్లో లీకేజీ పసిగట్టి కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పడదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం మైనం పూసిన చిన్న కాగితపు కండెన్సరు. అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 గ్రిడ్డుకు వెళ్లేది లీకైనా పాట వస్తూనే ఉంటుంది. లోపల వాల్వు మాత్రం మోతాదుకు మించి కరెంటు లాగుతూ కాలిపోతుంది, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరునూ తీసుకుపోతుంది. పాడుతోంది కదా అని వదిలేయకూడదనేది అందుకే. అలాంటి కండెన్సర్లన్నీ మార్చాకే సెట్టును సీరీస్ బోర్డు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చే బోర్డు మీద పెట్టాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది, వెంటనే తీసేయాలి. ఆ బల్బు సెట్టును కాపాడుతుంది కానీ మనిషిని కాదు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

ఇవన్నీ చదివి తెలుసుకోవచ్చు గానీ, చేతికి రావాలంటే తెలిసినవాళ్ల పక్కన కూర్చోవాలి. మీ ఊళ్లో వాల్వు సెట్లు చూసిన పాత రేడియో మెకానిక్కు ఎవరైనా ఉంటే, ఈ ఆదివారమే వెళ్లి కలవండి.