సెల్ టవరుకు పచ్చని తెర

అమలాపురము నుండి రాజోలు పోవు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్న విద్యార్థి ఒక చిన్న పరిశీలన చేయవచ్చును. దూరమున తోటల పైకి లేచిన సెల్ టవరు ఒకటి కనబడును. బస్సు కొంచెము సాగగానే రోడ్డువారనున్న లేత కొబ్బరి మొక్కలు, అరటి గుబురు అడ్డు వచ్చి టవరు మొత్తము మాయమగును. ఆ మొక్కల ఎత్తు టవరులో ఆరవ వంతైనను ఉండదు. మరల వరిచేను రాగానే టవరు మొదలు చివర కూడ బయటపడును. టవరు చోటు మారలేదు. దాని చుట్టు ఎవరును ఏమియు నాటలేదు. చూచువాని చోటు మారినది, అంతే.

ఈ అనుభవమును గుర్తుంచుకొని ఒక నియమమును పరీక్షింతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏ వీధిలో ఎట్టి కట్టడముండవచ్చునో స్థానిక సంస్థలు నిర్ణయించును. అట్టి వాటిని జోనింగు నియమములందురు. సెల్ టవరు స్థలములను గూర్చి అచ్చటి కౌంటీలు, పట్టణములు వ్రాసికొన్న నియమములు చాలవరకు ఒకే మూసలో నుండును. టవరు అడుగున ఉండు యంత్రముల గది చుట్టు కంచె వేయవలెను; కంచె వెలుపల ఏడాది పొడవునను ఆకు రాల్చని మొక్కలను వరుసగ పెంచవలెను; అవి చచ్చినచో క్రొత్తవి నాటవలెను; స్థలములో ముందే ఉన్న పెద్ద చెట్లను వీలైనంతవరకు కొట్టరాదు; స్తంభమునకు ఆకాశములో కలిసిపోవు బూడిద వన్నె ఉండవలెను, లేదా దానిని చెట్టువలె వేషము వేసి నిలుపవలెను.

చదువుటకు ఇవి ముచ్చటగ నున్నవి. కోనసీమ వంటి పచ్చని సీమకు వెంటనే తెచ్చుకొనవలసినవిగ తోచును. కాని ఈ వాక్యములలో మనకు పనికివచ్చునది ఒక్కటే యనియు, మిగిలినవి ఇచ్చటి నేలకు, నీటికి, గాలికి పొసగవనియు నా అభిప్రాయము.

ముందు ఈ నియమము అంత పెద్దదగుటకు గల కారణము చెప్పవలెను. అమెరికాలో 1996లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము టవరు ఎక్కడ నిలుపవలెనో చెప్పు అధికారమును స్థానిక సంస్థలకే ఉంచినది. ఐతే రేడియో తరంగముల ప్రభావము మంచిది కాదను కారణముచే మాత్రము కాదనరాదనెను, ఆ తరంగములు కేంద్రము విధించిన హద్దులో నున్నంతవరకు. ఇంటి ప్రక్క టవరు వద్దనుకొన్న గృహస్థుకు ఇక మిగిలినదేమి? అది చూపునకు బాగులేదనుట. అందుచే అన్ని అసంతృప్తులును మొక్కల వరుస మీదికి, రంగు మీదికి వచ్చి చేరినవి. మన దేశములో కథ తలక్రిందులు. ఇచ్చట తరంగముల భయమే వాదమంతటిని ఆక్రమించినది. 2012 సెప్టెంబరు 1 నుండి మన ప్రభుత్వము తరంగశక్తి హద్దును అంతర్జాతీయ సంఘము సూచించిన దానిలో పదవ వంతునకు తగ్గించెను. ఆ సంవత్సరము నవంబరులోనే రాజస్థాన్ హైకోర్టు పాఠశాలల, ఆసుపత్రుల వద్దనున్న టవర్లను తీయించుమనెను. టవరు పాదము చుట్టు నేల ఎట్లుండవలెనను ప్రశ్న ఎవరికిని ముఖ్యముగ తోచలేదు. ఒక దేశము చెప్పలేని మాటను చెట్టుచాటున చెప్పినది, మరియొకటి చెట్టును మరచినది.

ఇక అసలు లెక్క. 40 మీటర్ల టవరును 200 మీటర్ల దూరము నుండి చూచుచున్నామనుకొందము. మన కన్ను నేల నుండి మీటరున్నర ఎత్తున నుండును. కంటి నుండి టవరు కొనకు గీచిన గీత మనకు 20 మీటర్ల దూరమున ఎంత ఎత్తుగ పోవును? సరూప త్రిభుజములు నేర్చిన పదవ తరగతి విద్యార్థి నిమిషములో చెప్పగలడు: 38.5 లో పదవ వంతు 3.85, దానికి 1.5 కలిపినచో 5.35 మీటర్లు. అనగా మనకు 20 మీటర్ల ముందు 6 మీటర్ల చెట్టు గుబురుగ నున్నచో 40 మీటర్ల టవరు పూర్తిగ మరుగుపడును. అదే చెట్టును తీసికొనిపోయి టవరు పాదము వద్ద నాటితిమా, అది 6 మీటర్లను మాత్రమే కప్పును. పైని 34 మీటర్లును అట్లే కనబడుచుండును. నియమము చెట్టును నాటుమన్నది ఈ రెండవ చోటనే!

ఇందులో ఇంకొక మెలిక కలదు. ముదిరిన కొబ్బరిచెట్టు ఎత్తైనదే కాని దాని ఆకులన్నియు తలయందే ఉండును. 18 మీటర్ల చెట్టు 20 మీటర్ల దూరమున నున్నప్పుడు మన చూపు దాని తల క్రిందుగ, బోదెల నడుమ నుండి పోవును. టవరు చక్కగ కనబడును. కోనసీమ తోట తెరవలె పనిచేయుటకు కారణము ఒక్కొక్క చెట్టు ఎత్తు కాదు. ముదురు చెట్ల క్రింద తిరిగి నాటిన లేత మొక్కలు, వాటి నడుమ అరటి, కోకో, వెనుక మరియొక వరుస, ఇట్లు పలు ఎత్తుల ఆకులు ఒకదాని వెనుక ఒకటి నిలుచుట. ఇట్టి తోట ఒక్కనాట రాదు. కావున నియమములోని వాక్యములలో "ఉన్న చెట్లను కొట్టరాదు" అనునదే అన్నిటికంటె బలమైనది. అదియు టవరు స్థలము వరకు చెప్పి ఊరకున్న చాలదు. కాలువగట్టు మీదను, రోడ్డువారను ఉన్న చెట్లే నిజమైన తెర గనుక, ఒక వంక రోడ్డు వెడల్పునకు వాటిని తీసివేసి మరియొక వంక టవరు కంచె ప్రక్క గోరింట నాటుట లెక్కకు నిలువదు.

చెట్టు వేషము సంగతి చూతము. 1992లో అమెరికాలోని డెన్వరులో ఒక టవరును దేవదారు జాతి చెట్టువలె తయారుచేసిరి. 1996లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో తాటిజాతి చెట్టు వేషములో ఒక టవరు వెలసినది. తరువాత ఆ నగర పరిసరములలో అట్టివి పెక్కులైనవి. డిల్లన్ మార్ష్ అను ఛాయాగ్రాహకుడు 2009లో వాటిని ఫొటోలు తీసి, ఇతర దేశముల నుండి వచ్చి పాతుకొను కలుపు జాతులకు వాడు పేరునే ఆ చిత్రమాలకు పెట్టెను. పేరు కొంచెము కటువే కాని తగినది. చుట్టుప్రక్కల చెట్లలో కలియుటకని చేసినది, చుట్టు చెట్టే లేని చోట ఒంటిగ నిలిచి, మామూలు ఇనుప స్తంభము కంటె ఎక్కువగ కన్ను లాగుచున్నది.

మన వద్ద కొబ్బరిచెట్టు వేషము వేసినచో ఎట్లుండును? చూపునకు బాగుండవచ్చును. గాలికి మాత్రము బాగుండదు. భవనములపై గాలి ఒత్తిడిని లెక్కించు భారత ప్రమాణము ఐ.ఎస్. 875 మూడవ భాగము. ఆంధ్ర కోస్తాకు అది తీసికొను మూల వేగము సెకనుకు 50 మీటర్లు. 2015లో సవరించినప్పుడు, సముద్రము నుండి 60 కిలోమీటర్ల లోపల, తుపాను అనంతరము అత్యవసరమగు కట్టడములకు ఈ వేగమును 1.3 రెట్లు చేయవలెనని చేర్చిరి. ఆ కట్టడముల జాబితాలో ఆసుపత్రులతో పాటు సమాచార టవర్లు కూడ ఉన్నవి. అమలాపురము, రాజోలు, కొత్తపేట మూడును ఈ 60 కిలోమీటర్ల లోపలివే. గాలి ఒత్తిడి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. ఇతర గుణకములను ప్రక్కన పెట్టినచో, 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు 1500 న్యూటన్లతో నెట్టును. 65 మీటర్ల గాలి 2535 న్యూటన్లతో నెట్టును. కోణపు ఇనుప కమ్మీలతో అల్లిన మామూలు టవరు సందుల గుండా గాలి పోవును. దాని కొనకు 10 చదరపు మీటర్ల ప్లాస్టిక్ మట్టలు తగిలించితిమా, 25 వేల న్యూటన్లకు పైబడిన బలము, అనగా ఇంచుమించు రెండున్నర టన్నుల బరువు, 40 మీటర్ల ఎత్తున అడ్డముగ లాగును. నిజమైన మట్ట గాలికి ముడుచుకొనును, ఒక్కొక్కప్పుడు ఊడిపోయి చెట్టు ప్రాణము కాపాడును. అంతటి చెట్లును 1996 నవంబరు 6 నాటి తుపానులో తోటలకు తోటలుగ కూలినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నములో ఫోనులు మూగపోయి, ఎవరి క్షేమము ఎవరికిని తెలియక జనులు పడిన బాధ మనమెరిగినదే. తుపాను వెళ్ళిన మరునాడు పని చేయవలసిన దానికి అందము కొరకు తెరచాప కట్టుట సరికాదు.

గాలి లెక్కలోనే ఇంకొకటి కలదు. అమెరికా నియమములు టవరు కూలినచో ఎవరి ఇంటిపై పడునో చూడుమనును. కోనసీమలో చెట్టు కూలినచో టవరుపై పడునా యని కూడ చూడవలెను. 18 మీటర్ల కొబ్బరిచెట్టు కంచెకు 5 మీటర్ల దూరమున నున్నచో అది జనరేటరు గదికి ముప్పే. కనుక తెర కొరకు కంచెను ఆనుకొని పెద్ద చెట్లు నాటుట ఇచ్చట తప్పు.

మరి కంచె ప్రక్కన పొట్టి మొక్కలైన నాటవచ్చును గదా యందురు. నాటవచ్చును, వాటి వలన కొంత ప్రయోజనము కూడ కలదు. కాని లంకలలోను, ఏటిగట్టునకు దగ్గరగ నున్న ఊళ్ళలోను వరదను మరువరాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటెను. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంక గ్రామములు మునిగెను. అట్టి చోట యంత్రములను, బ్యాటరీలను, జనరేటరును వరద మట్టము పైకి దిమ్మెలు కట్టి నిలుపవలెను. అప్పుడు రెండు మీటర్ల మొక్కల వరుస దిమ్మెను కప్పును. కప్పవలసిన యంత్రములు దాని పైన కనబడుచునే యుండును. ఆకుదడి కట్టుట మనకు అలవాటైన పని, చవుక కూడ. కాని డీజిలు జనరేటరు ప్రక్క ఎండిన కొబ్బరాకు దడి ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. వేగముగ పెరుగునని కోనోకార్పస్ నాటువారు కలరు. దాని పుప్పొడి, వేళ్ళ బెడదలను గూర్చిన ఫిర్యాదుల మీద గుజరాత్ ప్రభుత్వము 2023లో దానిని నాటరాదనెను. జనరేటరు చప్పుడు మొక్కల వలన తగ్గునను నమ్మిక కూడ సరియైనది కాదు. ఒక్క వరుస ఆకులు చప్పుడును ఆపవు. ఒక మీటరు దూరమున 75 డెసిబెల్ మించరాదను నియమమును జనరేటరు పెట్టెయే తీర్చవలెను.

చెట్లు రేడియో తరంగములను ఆపునా అని విద్యార్థులు తప్పక అడుగుదురు. ఆపును, కొంత. దట్టమైన ఆకుల గుండా పోవు తరంగము ఎంత క్షీణించునో చెప్పు వైస్‌బర్గర్ సూత్రము ప్రకారము, 1800 మెగాహెర్ట్జ్ తరంగము 10 మీటర్ల ఆకులు దాటునప్పటికి 5 డెసిబెల్‌లు తగ్గును, అనగా శక్తిలో మూడవ వంతు కంటె తక్కువ మిగులును. 3500 మెగాహెర్ట్జ్ తరంగమునకు నాలుగవ వంతును మిగులదు. ఆ సూత్రము శీతల దేశపు చెట్లను చూచి కట్టినది కనుక కొబ్బరి తోటకు అంకెలు మారవచ్చును. అందుచేతనే టవరు తల తోట తలల పైన ఉండి తీరవలెను. టవరును పూర్తిగ దాచిన తోట దాని పనిని కూడ చెరచును. ఇక నేలమీది మొక్కల వరుసను తరంగములకు అడ్డుగోడ యనుకొనువారు పొరబడుచున్నారు. ఆంటెనా తన కిరణమును ఇంచుమించు అడ్డముగ, పైనుండియే పంపును. కంచె మొక్కలకు అది తగులనే తగులదు.

మన కేంద్ర టెలికాం శాఖ 2013 ఆగస్టులో రాష్ట్రములకు పంపిన సూచనలలో టవరు అనుమతికి కోరవలసిన పత్రములు వరుసగ ఉన్నవి. కట్టడపు బలము, తరంగముల హద్దు, జనరేటరు పరీక్ష, అటవీ భూమియైనచో ఆ శాఖ అనుమతి. టవరు చుట్టు ఉండవలసిన పచ్చదనపు ఊసు ఆ జాబితాలో లేదు. 2016 నాటి మార్గహక్కు నియమములు దరఖాస్తుపై 60 దినములలో ఏ మాటయు చెప్పనిచో అనుమతించినట్లే యని గడువు పెట్టినవి. 2025 జనవరి నుండి వాటి స్థానమున క్రొత్త నియమములు అమలులోనికి వచ్చినవి. గడువు పెట్టుట మంచిదే. ఐతే ఆ గడువులో పంచాయతీ కార్యాలయమున కూర్చున్నవారు ఏమి చూడవలెనో ఎవరైనను వ్రాసి యుండవలెను గదా. కోనసీమ కొరకు వ్రాసినచో మొక్కల పేర్ల పట్టికకు ముందు మూడు కొలతలు అడుగవలెను: ఊరివారు ఎక్కువగ తిరుగు మూడు నాలుగు చోట్ల నుండి టవరు ఎంత కోణములో కనబడును, 2022 వరద గుర్తు దిమ్మెకు ఎంత దిగువన నున్నది, కూలదగిన చెట్టు కంచెకు ఎంత దూరములో నున్నది.

మొదటి కొలతకు అమెరికాలో ఒక తేలిక పరీక్ష చేయుదురు. కట్టబోవు టవరంత ఎత్తునకు రంగు బెలూనును త్రాటితో ఎగురవేసి, నలువైపుల నుండి ఫొటోలు తీయుదురు. ఆ నియమములన్నిటిలో నాకు నచ్చినది ఇదియే. కొత్తపేటలోనో రాజోలులోనో ఉన్నత పాఠశాల వారు దీనిని చేయదలచినచో బెలూను కూడ అక్కరలేదు. ఉన్న టవరునే తీసికొని, కోణమానినికి దారము, చిన్న రాయి కట్టి, బస్సు నిలుపు చోటు, బడి గుమ్మము, కాలువ వంతెనల నుండి కొన కోణమును కొలిచి, అడ్డు వచ్చిన చెట్ల ఎత్తు, దూరము ప్రక్కన వ్రాసికొనిన చాలును. గాలి లేని ఉదయమున చేయుట మంచిది. దారము ఊగినచో రెండు మూడు డిగ్రీలు తప్పిపోవును.