సెల్యులర్ కాంక్రీటు అభిఘాత పరీక్ష: దెబ్బల లెక్క ఎంతవరకు ప్రమాణం?

తేలికపాటి సెల్యులర్ కాంక్రీటు అభిఘాతానికి ఎలా స్పందిస్తుందో నిర్ణయించడానికి పరిశోధకులు తరచు ఆశ్రయించే కొలమానం అరువు తెచ్చుకున్నది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 544వ కమిటీ దీనిని పీచు కాంక్రీటు కోసం సూచించింది. ఇందులో 4.54 కిలోల సుత్తి 457 మిల్లీమీటర్ల ఎత్తు నుండి, నమూనాపై ఉంచిన ఉక్కు గోళం మీద పదేపదే పడుతుంది. తొలి బీటకు, తుది వైఫల్యానికి పట్టిన దెబ్బలను లెక్కిస్తారు. ఒక్కో దెబ్బ శక్తి సుమారు 20 జౌళ్లు. దెబ్బల సంఖ్యను దీనితో గుణించి, వచ్చిన విలువను ‘శోషిత శక్తి’గా నమోదు చేయడం పరిపాటి.

ఆ విలువ నిజానికి నమూనాకు అందించిన శక్తి మాత్రమే. అందులో ఎంత నమూనాలో ఇంకిందో, ఎంత సుత్తి ఎగిరిపడటంలో పోయిందో పరీక్ష చెప్పదు. సాధారణ కాంక్రీటు విషయంలో ఈ లోపాన్ని కొంత సహించవచ్చు. గాలి గదులతో నిండిన పదార్థంలో అది మౌలికమవుతుంది. తక్కువ సాంద్రత గల నురుగు కాంక్రీటులో గోళం కిందనే గదుల గోడలు నలిగి గుంట పడుతుంది. నలిగిన గదులు తిరిగి లేవవు కనుక రెండో దెబ్బ తగిలేది మొదటి పదార్థానికి కాదు. అటువంటప్పుడు దెబ్బలను కూడటానికి అర్థమేమిటి?

సంపీడనంలో ఈ పదార్థం మూడు దశలు దాటుతుంది: స్వల్ప స్థితిస్థాపకత, దాదాపు స్థిర ప్రతిబలం వద్ద దీర్ఘకాలం నలగడం, చివరకు గదులన్నీ మూసుకుపోయి ప్రతిబలం ఒక్కసారిగా పెరగడం. శక్తి శోషణలో అధికభాగం రెండో దశలోనే జరుగుతుంది. దెబ్బల పరీక్ష ‘వైఫల్యం’ అని పిలిచేది ఈ దశనే!

న్యూయార్క్‌లోని కెన్నెడీ విమానాశ్రయంలో రన్‌వే చివర సెల్యులర్ సిమెంటు దిమ్మెలు పరిచారు. 1999 మే నెలలో 30 మందితో రన్‌వే దాటి దూసుకుపోయిన శాబ్ 340 విమానం వాటిలో చక్రాలు కూరుకుపోయి నిలిచింది, ఎవరూ మరణించలేదు. దెబ్బల లెక్కలో ఆ దిమ్మెలు బలహీనమైనవిగానే తేలుతాయి. నలగడమే వాటి పని.

అయితే ఈ వాదనను గోడ పలకలకు యథాతథంగా అన్వయించరాదు. అక్కడ వెనుక ముఖంలో పుట్టే తన్యతే నిర్ణాయకం. ఆ విషయంలో సెల్యులర్ కాంక్రీటు నిజంగానే దుర్బలం. పీచు కలపడానికి కారణమూ అదే.

హాప్‌కిన్సన్ కడ్డీ పరీక్ష మెరుగైనదే కాని నిర్దోషమైనది కాదు. ఈ పదార్థంలో తరంగం మందంగా సాగడం వల్ల నమూనా రెండు కొసల మధ్య ప్రతిబల సమతుల్యత ఆలస్యమవుతుంది. దానిని సరిచూడకుండా వేగంతోపాటు బలం పెరిగిందని ప్రకటిస్తే, జడత్వ ప్రభావాన్ని పదార్థ గుణంగా చదివినట్లే. సాంద్రత, తేమ, నమూనా మందం పేర్కొనని ఫలితాలను వేరొక ప్రయోగశాల ఫలితాలతో పోల్చడం సాధ్యం కాదు.