సెక్యూరిటీ ప్లస్ పరీక్ష: పాఠ్యప్రణాళికలో వచ్చిన మార్పులు

ఏ శాస్త్రమునకైనను ప్రథమ పరీక్షకు నిర్ణయించిన పాఠ్యప్రణాళికను చూచినచో, ఆ శాస్త్రమును గూర్చి ఆ కాలపు నిపుణులు ఏమి తలచుచున్నారో తెలియును. ఏది ముందు నేర్వవలెను, ఏది పిదప నేర్వవలెను, ఏది నేర్వకున్నను గడచును అను మూడు ప్రశ్నలకు అందు సమాధానము దొరకును. కంప్యూటరు భద్రతారంగములో కొత్తగా అడుగిడువారికై అమెరికాలోని కాంప్‌టియా అను సంస్థ 2002లో ప్రారంభించిన సెక్యూరిటీ ప్లస్ పరీక్ష ఇట్టి పరిశీలనకు తగినది. అమెరికా రక్షణశాఖ తన భద్రతా ఉద్యోగములు కొన్నింటికి దీనిని అర్హతగా అంగీకరించినది. మన దేశములో కూడ ఈ పరీక్షకు కూర్చొనువారు కలరు.

మొదటి పాఠ్యప్రణాళిక ఆరేండ్లు నిలిచినది. 2008లో రెండవది వచ్చినది. అప్పటినుండి 2011, 2014, 2017, 2020, 2023 సంవత్సరములలో, అనగా మూడేండ్లకొకసారి, ప్రణాళిక మారినది. 2011 నుండి ఇచ్చు యోగ్యతాపత్రమునకు కూడ మూడేండ్లే గడువు. ఇందు మనము ముఖ్యముగా పోల్చునవి 2020 నవంబరులో వచ్చిన ఎస్‌వై0-601, 2023 నవంబరు 7న వచ్చిన ఎస్‌వై0-701 అను ప్రణాళికలు. 601 పరీక్షను 2024 జూలై 31 వరకు జరిపిరి. కాబట్టి దాదాపు తొమ్మిది నెలలు రెండు పరీక్షలును ప్రక్కప్రక్కన నడచినవి. పాత పుస్తకము చదివి కొత్త పరీక్షకు కూర్చున్న విద్యార్థి ఎంత నష్టపోవును, ఎంత నష్టపోడు అనునదే మన ప్రశ్న.

పైకి చూచినచో పరీక్ష మారలేదు. రెండింటను 90కి మించని ప్రశ్నలు, 90 నిమిషముల కాలము, 100 నుండి 900 వరకు గల కొలతపై 750 వచ్చినచో ఉత్తీర్ణత. మార్పంతయు లోపల ఉన్నది. 601లో ఐదు విభాగములు: దాడులు, ముప్పులు, బలహీనతలు 24 శాతము, నిర్మాణము, రూపకల్పన 21, అమలు 25, నిర్వహణ, ప్రమాద ప్రతిక్రియ 16, పరిపాలన, నష్టభయము, నియమపాలన 14. 701లోను ఐదే విభాగములు: సామాన్య భావనలు 12 శాతము, ముప్పులు, బలహీనతలు, నివారణలు 22, నిర్మాణము 18, నిర్వహణ 28, కార్యక్రమ పర్యవేక్షణ 20. అభ్యసన లక్ష్యములు 35 నుండి 28కి తగ్గినవి.

ఈ అంకెలను చూచి తొందరపడరాదు. నిర్వహణ 16 నుండి 28కి పెరిగినదని, అమలు అను విభాగము అంతరించినదని పలువురు చెప్పుదురు. నిజమునకు అమలులోని పాఠములు నశింపలేదు. నిర్మాణమునకు, నిర్వహణకు పంచబడినవి. వ్యక్తుల గుర్తింపు, ప్రవేశాధికారము అను విషయమునే చూడుడు. 2017 నాటి 501 ప్రణాళికలో దానికి 16 శాతముతో ప్రత్యేక విభాగముండెను. 601లో అది అమలులో చేరినది. 701లో నిర్వహణలో చేరినది. గుప్తలేఖన శాస్త్రమునకును ఒకనాడు 12 శాతముతో సొంత విభాగముండెను. నేడది సామాన్య భావనలలో ఒక భాగము. ఇల్లు మారినంత మాత్రమున మనిషి మారడు. కనుక పాత పుస్తకములో చాలభాగము పనికివచ్చునదే.

ఇక గుణములు. మొదటిది వర్గీకరణలో జరిగిన సవరణ. భద్రతకై మనము చేయు ఏర్పాట్లను నియంత్రణలు అందురు. 601లో ఈ పాఠము చివరి విభాగములో ఉండెను. అందు నిరోధించునవి, కనిపెట్టునవి, సరిదిద్దునవి, జంకు పుట్టించునవి, ప్రత్యామ్నాయముగా నుండునవి అను రకముల సరసన భౌతికమైనవి అను రకమును కూడ చేర్చిరి. ఇది తర్కమునకు నిలువదు. మొదటి ఐదును నియంత్రణ చేయు పనిని తెలుపును. ఆరవది నియంత్రణ స్వరూపమును తెలుపును. జంతువులను శాకాహారులు, మాంసాహారులు, నాలుగు కాళ్లవి అని విభజించినట్లున్నది. 701లో ఈ పాఠమును మొట్టమొదటికి తెచ్చిరి. భౌతికమును సాంకేతికము, నిర్వాహకము, కార్యనిర్వహణ అను స్వరూప వర్గముల ప్రక్కకు మార్చిరి. పని ననుసరించిన రకములలో నిర్దేశించునవి అని కొత్తగా చేర్చిరి. తలుపునకు వేసిన తాళము స్వరూపముచేత భౌతికము, పనిచేత నిరోధకము. ఇప్పుడు రెండు ప్రశ్నలకును వేర్వేరు సమాధానములు చెప్పవచ్చును.

రెండవ గుణము, మార్పుల నిర్వహణకు ఇచ్చిన స్థానము. 601లో ఇది సంస్థల విధానముల పట్టికలో ఒక పంక్తి మాత్రమే. 701లో పూర్తి లక్ష్యమైనది. మార్పునకు ఎవరి అనుమతి కావలెను, దాని ప్రభావమేమి, ముందుగా పరీక్షించిరా, చెడినచో వెనుకకు మరలు మార్గమున్నదా అను ప్రశ్నలు ఇందులోనివి. దీని అవసరము త్వరలోనే ఋజువైనది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టినది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయములో చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు కూడ కనబడినవి. శత్రువెవడును లేడు, జరిగినది మార్పు ఒక్కటే.

మూడవది జీరో ట్రస్ట్ అనబడు పద్ధతి. కార్యాలయపు నెట్‌వర్కు లోపల ఉన్నంత మాత్రమున ఎవరినీ నమ్మక, ప్రతి కోరికను విడిగా పరిశీలింపవలెనని దీని సారాంశము. అమెరికా ప్రమాణముల సంస్థయైన నిస్ట్ 2020 ఆగస్టులో దీనిపై ఒక పత్రమును వెలువరించినది. 601లో ఈ పేరు మాత్రమే కలదు. 701లో నిర్ణయించు భాగమేది, ఆ నిర్ణయమును అమలుపరచు భాగమేది అని విడదీసి చెప్పినారు. పేరును వల్లించుటకును పనితీరు నెరుగుటకును గల భేదమిదే.

దోషములును లేకపోలేదు. 601లో సందర్భమునకు తగిన పరికరమును వాడుట అను లక్ష్యముండెను. పింగ్, ట్రేస్‌రూట్, ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్, గ్రెప్ మొదలగు పేర్లు అందు వరుసగా నుండెను. ఆ పట్టిక మితిమీరినదనుట నిజమే. కొద్దిమందికే పరిచయమున్న ప్రోగ్రాముల పేర్లను కూడ బట్టీపట్టవలసి వచ్చెను. 701లో ఆ లక్ష్యమునే తొలగించిరి. శిక్షణకు ఉపకరించు సామగ్రి పట్టిక అనుబంధములో ఉన్నది గాని, అది పరీక్షాంశము కాదు. చేసి చూపవలసిన ప్రశ్నలు పరీక్షలో నేటికిని కలవు. అయినను ఏయే పరికరములపై చేయి తిరిగియుండవలెనో చెప్పక విడుచుట సరికాదు. పిచ్చిమొక్కలతో పాటు పైరును పెరికినట్లయినది. రసాయనశాస్త్రమును పరీక్షనాళిక పట్టకయే నేర్చినవానికిని, పింగ్ ఆజ్ఞ ఇవ్వకయే నెట్‌వర్కు భద్రత నేర్చినవానికిని లోపమొక్కటే.

రెండవ దోషము మరింత పెద్దది. నేడు వాడుకలోనున్న ఆర్‌ఎస్‌ఏ వంటి గుప్తలేఖన పద్ధతులకు పెద్దసంఖ్యలను కారణాంకములుగా విడదీయుట కష్టమను విషయమే ఆధారము. తగినంత శక్తిగల క్వాంటమ్ కంప్యూటరు లభించినచో ఆ పని సులభమగునని పీటర్ షోర్ 1994లో చూపినాడు. అందుచేత ఆ కంప్యూటర్లకు లొంగని కొత్త పద్ధతులు అవసరమైనవి. 601లో ఈ విషయము పేరుకైనను ఉండెను. 701 లక్ష్యములలో అది లేదు. ఆ ప్రణాళిక వచ్చిన తొమ్మిది నెలలకే, 2024 ఆగస్టు 13న, నిస్ట్ సంస్థ ఇట్టి పద్ధతులకు మూడు ప్రమాణములను ప్రకటించినది. నేడు దొంగిలించి దాచిన రహస్యలేఖను రేపు విప్పవచ్చును గనుక, ఇది భవిష్యత్తునకు వాయిదావేయదగిన పాఠము కాదు.

మొత్తముమీద 701 మునుపటికన్న మెరుగైన ప్రణాళికయే. పేర్ల జాబితాలు తగ్గినవి, క్రమము బాగుపడినది. ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు పుస్తకము అట్టపైనున్న సంఖ్యను పరీక్షసంఖ్యతో సరిచూచుకొమ్మని చెప్పవలెను. పాత పుస్తకము చేతనున్నచో జీరో ట్రస్ట్, మార్పుల నిర్వహణ అను రెండు పాఠములను ప్రత్యేకముగా చేర్చి బోధింపవలెను. పరీక్ష విడిచిన పరికరములను పాఠశాల కంప్యూటరు గదిలో ఒక గంట వాడి చూపుట మేలు. ఆ గది తాళము, ప్రవేశపు రిజిస్టరు, సంకేతపదము, కాపలావాడు: ఈ నాలుగింటిని స్వరూపమును బట్టి ఒకసారి, పనిని బట్టి ఒకసారి వర్గీకరింపుమని అడిగినచో, ఏ పరీక్షకు కూర్చొనని తొమ్మిదవ తరగతి విద్యార్థికైనను ఈ శాస్త్రపు మొదటి పాఠము చక్కగా పట్టుబడును.