విన్నపం పక్కన కృతజ్ఞత

దిగులుతో ఉన్న మనిషికి ‘దేవుడు చేసిన మేళ్లు తలచుకో’ అని చెప్పడం తేలిక. చెప్పేవాడికి పోయేదేమీ లేదు. స్కానింగ్ రిపోర్టు ఎలా వస్తుందోనని రాత్రంతా మేలుకున్నవాడికి మాత్రం ఒళ్లు మండుతుంది. అయినా క్రైస్తవ సంప్రదాయం ఈ మాటను రెండు వేల ఏళ్లుగా వదల్లేదు. దీన్ని ఓదార్పుగా తీసుకుంటే చప్పగానే ఉంటుంది. ఒక సాధనగా, పద్ధతి ప్రకారం చేయాల్సిన పనిగా చూసినప్పుడే దీని బలం తెలుస్తుంది. చింత ఎప్పుడూ రేపటి గురించే వాదిస్తుంది, జరిగినదాన్ని లెక్కలోకి రానివ్వదు. ఆ వాదనలోకి గతాన్ని సాక్షిగా పిలిపించడమే కృతజ్ఞతాస్తుతి చేసే పని అని నా అభిప్రాయం.

ఇందుకు మూలవాక్యంగా అందరూ చూపేది పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం. చింతపడవద్దని చెబుతూ, మీ విన్నపాలను కృతజ్ఞతతో కలిపి దేవుని ముందు పెట్టండని అక్కడ అంటాడు. రాసేటప్పటికి ఆయన సంకెళ్లలో ఉన్నాడు. తీర్పు బతుకో చావో తెలియదు. చదివేవాళ్ల ఊరు ఫిలిప్పీ. అదే ఊళ్లో పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో పడేస్తే, నడిరాత్రి వాళ్లిద్దరూ పాటలు పాడారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఆ రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందిన చెరసాల నాయకుడు కూడా ఈ పత్రిక విన్నవాళ్లలో ఉండి ఉండవచ్చు. అలాగని పౌలు దిగులెరుగని మనిషేమీ కాడు. ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడనీ, అతను పోయి ఉంటే తన దుఃఖం రెట్టింపయ్యేదనీ ఇదే పత్రికలో ఒప్పుకున్నాడు. సంఘాలన్నిటి గురించిన చింత తనను రోజూ పట్టి ఉంటుందని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పుకున్నాడు. కాబట్టి ఆయన సలహాను చింత తెలియనివాడి ఉపదేశంగా కొట్టిపారేయలేం. ఇంకో సంగతి కూడా గమనించాలి. విన్నపం మానేసి స్తోత్రాలు చెప్పమని ఆయన అనలేదు. రెండూ కలిసే వెళ్లాలి. అడిగింది దొరుకుతుందన్న హామీ కూడా అక్కడ లేదు. హృదయానికి సమాధానం కావలి ఉంటుందన్నదే హామీ.

ఈ కలయిక ఎలా పనిచేస్తుందో చూడాలంటే పదమూడో కీర్తనకు వెళ్లాలి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. అది దాదాపు దెప్పిపొడుపు. తర్వాత ఒక విన్నపం. ఆఖరున, తనకు మేలు చేసినవాడికి పాడతానన్న మాట. ఈ మధ్యలో పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. శత్రువు పోయాడని గానీ, జబ్బు నయమైందని గానీ కవి చెప్పడు. మారిందల్లా అతను గుర్తు చేసుకుంటున్న సంగతి. నూట ముప్పై ఆరో కీర్తనది మరో దారి. ఇరవై ఆరు వచనాల్లోనూ ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. కానీ ప్రతి పల్లవికీ ముందు ఒక వివరం ఉంటుంది. సూర్యుడు, చంద్రుడు, ఎర్రసముద్రం, చివరికి సీహోను, ఓగు అనే ఇద్దరు రాజుల పేర్లు కూడా. ‘అన్నిటికీ స్తోత్రం’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా పద్దు పద్దుగా రాసుకోవడం ఇందులోని మెళకువ. ఎందుకంటే భయం ఎప్పుడూ వివరాలతోనే వస్తుంది: ఫలానా తారీఖు, ఫలానా అప్పు, ఫలానా డాక్టరు ముఖకవళిక. దాని ముందు మోఘమైన స్తోత్రం నిలవదు. ‘మధ్యాహ్నానికి అమ్మకు జ్వరం దిగింది, ఫీజుకు కాలేజీవాళ్లు వారం గడువిచ్చారు’ అన్నది నిలుస్తుంది.

ఈ మెళకువకు రోజువారీ క్రమం ఏర్పరచినవాడు ఇగ్నేషియస్ లయోలా. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీకి ఉన్నది ఈయన పేరే. 1548లో అచ్చయిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’లో ఆత్మపరిశీలనకు ఐదు మెట్లున్నాయి. పొందిన మేళ్లకు కృతజ్ఞత చెప్పడం మొదటిది. తప్పులు తెలిసే కృపను అడగడం, రోజును గంట గంటగా వెనక్కి తిరిగి చూడటం, క్షమాపణ, దిద్దుబాటు ఆ తర్వాతే వస్తాయి. పాపాల చిట్టా కన్నా ముందు మేళ్ల చిట్టా పెట్టడంలో మనసు తెలిసినవాడి నేర్పు ఉంది. ముందే తప్పుల్ని తవ్వుకుంటే మనిషి కుంగిపోనైనా పోతాడు, సాకులైనా వెతుకుతాడు.

మన పల్లె సంఘాల్లో ఇదే పని కోతపండుగ చేస్తుంది. వేదిక ముందు వడ్ల బస్తా, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు, కొబ్బరి గెల. ఆరాధన అయ్యాక వేలంపాట. బజారు ధరకు పదింతలు పెట్టి గుమ్మడికాయ పాడుకున్నవాడిని చూసి బయటివాళ్లు నవ్వుకోవచ్చు గానీ, పంట చేతికొచ్చిందన్న సంగతి అందరి ముందూ, తూకంతో సహా, నమోదవుతుంది. మళ్లీ వానలు ఆలస్యమైనప్పుడు గుర్తుచేసుకోవడానికి అదొక ఆధారం.

అభ్యంతరాలు లేకపోలేదు. మనస్తత్వ శాస్త్రం ఇదే మాట దేవుడి ప్రసక్తి లేకుండా చెబుతోంది కదా అంటారు. నిజమే. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, చిరాకులు రాసుకున్నవాళ్ల కన్నా మేళ్లు రాసుకున్నవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పారు. అయితే ఆందోళన మీద ఇటువంటి అభ్యాసాల ప్రభావం స్వల్పమేనని తర్వాతి సమీక్షలు తేల్చాయి. బైబిల్‌ను సైన్సు రుజువు చేసిందని చాటే ప్రసంగాలు ఈ రెండో సగాన్ని మింగేస్తాయి. నోటుపుస్తకంలో రాసుకునే జాబితాకు ఎదుట వినేవాడు లేడు. కీర్తనకారుడి కృతజ్ఞతకు ఉన్నాడు. అందుకే అతను అదే నోటితో నిలదీయగలిగాడు కూడా. ఇక ఆందోళన వ్యాధిగా ముదిరితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందు వేసుకోవడం అవిశ్వాసం అనే పాస్టర్లు, పౌలు తన పక్కనున్న లూకాను ప్రియమైన వైద్యుడని పరిచయం చేశాడని గుర్తు తెచ్చుకోవాలి.

ఆపద నెత్తిన పడ్డాక కృతజ్ఞత ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంతకన్నా బరువైన ప్రశ్న. జర్మనీలో ఐలెన్‌బుర్గ్ పాదిరి మార్టిన్ రింకర్ట్ 1637 ప్లేగులో నాలుగు వేలకు పైగా సమాధి కార్యక్రమాలు జరిపించాడు. అందులో ఒకటి సొంత భార్యది. ఆయన రాసిన కృతజ్ఞతా గీతం నేటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. శవాల మధ్య కూర్చుని రాశాడని కథగా చెబుతారు గానీ, అది 1630 ప్రాంతంలో, ప్లేగుకు ముందే, భోజనాల వేళ పాడుకోవడానికి పుట్టిందన్న అభిప్రాయమే బలంగా ఉంది. నాకు ఈ రెండోదే విలువైనదిగా తోస్తుంది. రోజూ అన్నం ముందు పలికి నోటికి అలవాటైన మాట, కొత్తగా ఏదీ కూడబలుక్కునే ఓపిక లేని రోజుకు సిద్ధంగా ఉంటుంది.

ఈ సంప్రదాయానికి అసలు ముప్పు లోపలినుంచే ఉంది. యేసు చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడి ప్రార్థన కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది. తాను పక్కవాడిలా లేనందుకు. డిసెంబర్ 31 రాత్రి మన సాక్ష్యాల్లో ఈ ఛాయ కనిపిస్తూనే ఉంటుంది. వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, పిల్లలు పుట్టినవాళ్లు మైకు అందుకుంటారు. అడిగింది దొరకనివాళ్లు వెనక వరసలో తల దించుకుంటారు, తమ విశ్వాసంలోనే లోటుందేమోనని. కీర్తనల గ్రంథం ఇంత ఇరుకుగా లేదు. ఎనభై ఎనిమిదో కీర్తన మొర పెట్టుకుంటూ మొదలై చీకటితోనే ముగుస్తుంది; చివర స్తుతి లేదని దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు. ఆ రాత్రి ఒకావిడ లేచి, ఈ ఏడంతా అడిగాను, ఇంకా ఇవ్వలేదు అని మాత్రమే చెప్పి కూర్చుంటే, పాస్టర్ గారు దాన్ని కూడా సాక్ష్యంగానే లెక్కేయాలి. ఆవిడ నోట రాని కృతజ్ఞతను ఆ పూటకి సంఘం పాడవచ్చు, ఆవిడ విన్నపాన్ని తోసేయకుండా.