ఏకాకి సైకిలు యాత్ర – తుది మజిలీ

యాత్రాగ్రంథములు చదువు అలవాటుగల వారికి ఒక సంగతి తోచకపోదు. ఇల్లు విడిచిన దినమును గూర్చి గ్రంథకర్త పది పుటలు వ్రాయును. కొండలకు, ఎడారులకు, అన్యదేశాచారములకు నూర్లకొలది పుటలు కేటాయించును. ఇక ఇంటికి మరలివచ్చిన త్రోవకో, తరచుగా ఒక పేరాయైనను దక్కదు. సైకిలుపై ఒంటరిగా దూరదేశములు తిరిగినవారి గ్రంథములయందు ఈ కొఱత మఱింత స్ఫుటముగా కనబడుచున్నది. ఇది స్వల్పలోపమని కొందఱనవచ్చును. మాకట్లు తోచదు. యాత్ర మనుష్యుని నేమి చేసినదో తేలునది ఆ తుది మజిలీయందే యని మా యభిప్రాయము.

ఇట్టి గ్రంథములలో తొలితరమునకు చెందినది టామస్ స్టీవెన్సు రచన. ముందుచక్రము మిక్కిలి పెద్దదియు, వెనుకచక్రము చిన్నదియునైన ఆనాటి బండిపై ఆయన 1884 ఏప్రిలులో శాన్ ఫ్రాన్సిస్కో విడిచెను. అమెరికా, ఐరోపా, తురుష్కదేశము, పారశీకము చూచి, మన దేశమున గ్రాండు ట్రంకు రోడ్డుమీద కలకత్తావఱకు సాగి, చైనా, జపానులలో తిరిగి 1886 డిసెంబరులో యోకోహామా చేరెను. సైకిలుపై సాగిన దూరము రమారమి 13,500 మైళ్ళు. రెండు సంపుటముల గ్రంథమది. చూచినదానిని కన్నులకు గట్టునట్లు చెప్పగల నేర్పు ఆయనకు గలదు. అన్యజాతులను వింతవస్తువులవలె చూచు ఆనాటి తెల్లవారి యలవాటును గలదు. అయితే ఆయన సైకిలు యోకోహామా రేవుననే నిలిచెను. స్వదేశమునకు చేర్చినది పొగయోడ. అన్యులపై నిలిపిన ఆ తీక్ష్ణదృష్టి తనవారి మీదికి మరలవలసిన ఘట్టము సైకిలుపై సంభవింపకయే పోయెను.

ఐర్లండు దేశీయురాలగు డెర్వ్లా మర్ఫీ కథ మఱియొక విధమైనది. పదవయేట సైకిలును, భూపటముల పుస్తకమును కానుకలుగా పొందినప్పుడే హిందూదేశమునకు సైకిలుపై పోవలెనని ఆమె నిశ్చయించుకొనెను. కాని పదునాలుగవయేట చదువు మాని, రోగపీడితయైన తల్లికి పరిచర్య చేయుచు ఇంటనే యుండవలసివచ్చెను. 1962లో తల్లి గతించిన పిమ్మటనే, 1963 జనవరిలో ఆమె బయలుదేరి, ఆ వేసవికి ఢిల్లీ చేరగలిగెను. ఆ ప్రయాణమును గూర్చిన గ్రంథము 1965లో వెలువడినది. దాని ధైర్యమును, హాస్యమును ఎంత మెచ్చినను చాలదు. అయినను ఒక ప్రశ్న మిగులును: స్త్రీకి ఇల్లు తీఱినపిదప గాని రోడ్డు దొరకదా? పురుషుడు ఇల్లువిడిచి పోవునప్పుడు ఆ యింటి మంచముకడ కూర్చుండువా రెవ్వరు? ఒంటరి యాత్రికుని వెనుక ఒంటరిగా ఇల్లు కాచినవా రుందురు. తిరుగుదారిని వ్రాయని గ్రంథమునందు వారికి చోటుండదు.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారు సైకిలెఱుగరు, ఒంటరిగానూ పోలేదు. పరివారసమేతముగా 1830 మేలో చెన్నపట్టణము విడిచి, కాశిని సేవించి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. అయినను కలకత్తానుండి మన సర్కారు జిల్లాలమీదుగా వచ్చిన తిరుగుత్రోవను సైతము ఆయన శ్రద్ధతో వ్రాసిరి. మరలివచ్చు దారియు యాత్రయే యను జ్ఞానము మన భాషలో మొదటినుండియు గలదన్నమాట. నేటి రచయితలు దానిని మఱువరాదు.

ఇక, గ్రంథమునకెక్కని తుదిమజిలీలును గలవు. 2020 వేసవిలో మహమ్మారివలన రైళ్ళును బస్సులును నిలిచినప్పుడు, మహారాష్ట్రమున కూలిపని చేయుచుండిన ఒడిశా యువకుడొకడు రమారమి 1,700 కిలోమీటర్లు ఏడుదినములలో సైకిలుపై వచ్చెను. అతని దారి మన తెలుగుదేశముమీదుగానే సాగినది. స్వస్థలము చేరిన యతనిని రోగభయముచేత ఇల్లు చేరనీయక వేఱుచోట నుంచిరి. వినోదముకొఱకు తిరుగువానికి ఇల్లు చివరి పుట. ఈ కూలివానికి యాత్రయంతయు ఇంటిదారియే. ఆ గడపముందు ఆగిన చక్రమును గూర్చి మన సాహిత్యము పలుకవలసినది చాల గలదు.

తుదిమజిలీని వ్రాయుట యేల కష్టమో, మా ప్రాంతపు దారినే తీసికొని విచారింతము. జంగారెడ్డిగూడెమునకు రైలు లేదు. దూరదేశమునుండి సైకిలుపై వచ్చువాడు రాజమహేంద్రవరమున గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి, గోపాలపురము, కొయ్యలగూడెములమీదుగా రావలెను. వరిచేలు వెనుకబడును; మెట్టభూములు, పొగాకు, పామాయిలు తోటలు ఎదురగును. కాళ్ళు అలసియుండును, మనసు ముందుకు పరుగిడును. అంతదాక అతడెవరో యెవరికిని తెలియదు. ఆకలియైనచోట పెట్టినవారి యన్నము తినెను, దాహమైనచోట ఇచ్చినవారి నీళ్ళు త్రాగెను. కులమడిగి దాహము తీర్చుకొను తీరిక ఒంటరి బాటసారి కుండదు. కొయ్యలగూడెము దాటునప్పటికి మాత్రము అతడు మరల ఫలానావారి యబ్బాయి. ఏ పేటలో ఎవరుందురో, ఎవరియింట నీళ్ళు పుచ్చుకొనరాదో అతనికి చిన్ననాటినుండియు తెలియును. పంజాబులో ముక్కుమొగ మెఱుగనివారి పంక్తిని కూర్చుండినవాడు తన యూరి చివర పేటలో సైకిలు దిగి మంచినీళ్ళడుగునా? అడిగెనేని యాత్ర ఫలించినట్లే. అడుగకపోయెనేని వేలమైళ్ళు త్రొక్కినను అతడు కదలనివాడే.

మఱొక పరీక్ష ఇంటిలో నున్నది. బడికిపోవునంతవఱకు ఆడపిల్లకు సైకిలిచ్చి, సంబంధములు చూచుట మొదలుపెట్టగనే దానిని గోడకు జేర్చు గృహములు నేటికిని లేకపోలేదు. దేశము తిరిగివచ్చిన యన్న మెడలోని పూలదండ తీసిన పిమ్మట చెల్లెలి చేతికి ఆ సైకిలిచ్చునా? ఊరివారు చప్పట్లు కొట్టిన సంగతికంటె ఈ సంగతియే మేము చదువగోరుదుము.

కావున యాత్రికులగు రచయితలకు మా విన్నపము. మీరు దాటిన కొండల యెత్తు చెప్పుడు, వలదనము. కాని చివరి దినమును దాచకుడు. ఎవరి నీళ్ళు త్రాగితిరో, మీరు లేనప్పుడు ఇల్లు నడపిన దెవరో, వచ్చినపిదప ఇంటిలో ఏ పని మీవంతు చేసికొంటిరో వ్రాయుడు. ఆ పుట లేని గ్రంథము ఎంత రమ్యమైనను సగము దారిలో నిలిచిన బండివంటిదే.